పక్కపక్కన పెట్టి చదివినవీ చూసినవీ

చిత్తూరు చదువరి అడిగిన ప్రశ్న:

నమస్కారం. ఈ మధ్య ఏం చదివారు, ఏం చూశారు అని ఎవరైనా అడిగితే నాలుగు పేర్లు చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. ఆ పేర్ల పట్టికతో నాకు పెద్దగా పని లేదు. మీరు ఇటీవల ఇష్టంగా చదివిన ఒక పుస్తకమూ, ఇష్టంగా చూసిన ఒక సీరియలూ, పైకి ఏ సంబంధమూ లేనివైనా సరే, మీ మనసులో పక్కపక్కన చేరిన సందర్భం ఉందా? ఉంటే, ఆ రెండింటిలో ఒకటి రెండోదాని గురించి మీకు కొత్తగా ఏం చూపించింది? నవలను తెరకెక్కించినప్పుడు నవల గొప్పదా, తెర గొప్పదా అనే పాత తగాదాను వీలైనంతవరకు పక్కన పెట్టి చెప్పమని మనవి.

ముందు నా సంగతి చెబుతాను. డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ నవలను చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ చదివాను. ఆయన మా చిత్తూరు జిల్లావారు. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిలో వైద్యుడిగా పనిచేస్తూనే తన సొంత సీమలోని అడుగు జనం గురించి నవలలు రాశారు. ఇది చాలా చిన్న నవల. మందలోంచి తప్పిపోయిన సూడిపందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళతాడు. అక్కడ పంది ఈని ఉంటుంది, చుట్టూ నక్కలు మూగుతాయి, రాత్రంతా ముసలివాడు వాటితో పోరాడతాడు. ముగింపు తెలియనివారి కోసం అది ఇక్కడ చెప్పను. ముసలివాడికి పేరు కూడా లేదు. అయినా పుస్తకం మూసేసరికి అతని గురించి మనకు తెలిసినంతగా మన పక్కింటివాళ్ళ గురించి కూడా తెలియదేమో అనిపిస్తుంది.

అదే రోజుల్లో గోవింద్ నిహలానీ తీసిన ‘తమస్’ చూశాను. భీష్మ సాహ్నీ నవల ఆధారంగా తీయగా 1988లో దూరదర్శన్‌లో వచ్చిన సీరియల్ అది. దేశ విభజనకు కాస్త ముందు, పంజాబులో కథ నడుస్తుంది. మొదట్లోనే నత్థూ అనే మనిషి, ఆ వేషం ఓంపురిది, ఒక మూసిన కొట్టంలో పందిని చంపడానికి అవస్థ పడుతుంటాడు. పశువుల డాక్టరుకు కావాలని చెప్పి, మురాద్ అలీ అనే అతను అయిదు రూపాయలు చేతిలో పెట్టి వెళ్ళాడు. నత్థూ తోళ్ళ పని చేసేవాడు. చచ్చిన జంతువు తోలు తీయడం తెలుసు గానీ బతికిన పందిని చంపడం అతనికి తెలియదు. తెల్లవారాక ఆ కళేబరం మసీదు మెట్ల మీద కనబడుతుంది, ఆ వెనుకే ఊరు తగలబడడం మొదలవుతుంది.

చీకటి, ఒక మనిషి, ఒక పంది. రెండుచోట్లా సరంజామా ఇంతే. కేశవరెడ్డి గారి ముసలివాడికి తన పంది గురించి తెలియనిది లేదు. అది గురగురమంటే ఎందుకంటోందో చెప్పగలడు. అయినా ఈనిన పంది అతన్ని దగ్గరకు రానివ్వదు. ఇంత తెలిసిన మనిషిని ఆ జంతువు ఎందుకు నమ్మదన్నదే నవలలోని బాధ అంతా. నత్థూకు పంది గురించి ఏమీ తెలియదు, అంతకంటే ముఖ్యంగా తనకు డబ్బిచ్చిన మనిషి గురించి ఏమీ తెలియదు. ‘తమస్’ చూశాక నవలను మళ్ళీ తెరిస్తే, ముసలివాడు ఎంత అదృష్టవంతుడో అర్థమైంది. అతని శత్రువులు కళ్ళెదుటే ఉన్నాయి. నక్కను నక్క అని గుర్తుపట్టవచ్చు.

ఇంకొక సంగతి. ఆ కొట్టంలోని దృశ్యం ఎంతకీ తెగదు. పంది మూలకు పోతుంది, నత్థూ రొప్పుతూ చెమట తుడుచుకుంటాడు, మళ్ళీ లేస్తాడు. పుస్తకంలోనైతే నేను ఒక పేరా దాటేసి ముందుకు పోయేవాడినేమో. తెర మీద నిహలానీ మనల్ని ఆ కొట్టంలోనే నిలబెడతాడు. ఇప్పుడు ఫోన్‌లో పది సెకన్లు ముందుకు జరిపే మీట ఉన్నప్పటికీ దాని మీదికి నా వేలు పోలేదు. ఈ సీరియల్‌ను ఆపించాలని అప్పట్లో కొందరు కోర్టుకు వెళ్ళగా, బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు తామే స్వయంగా చూసి, ప్రసారం కానివ్వవచ్చని తీర్పు చెప్పారు, సుప్రీంకోర్టు కూడా ఆ మాటే అంది. ఆ న్యాయమూర్తులు ఈ దృశ్యాన్ని ఏ ముఖాలతో చూసి ఉంటారోనని నాకొక పిచ్చి కుతూహలం.

మీ జంటలు ఏవో చెప్పండి. తెలుగువే కానక్కరలేదు.


తెనాలి టీచరమ్మ:

చదువరి గారూ, మీ ప్రశ్న చదవగానే నాకు వెంటనే తట్టిన జంట కొడవటిగంటి కుటుంబరావు గారి ‘చదువు’, ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో వచ్చిన ‘నైంటీస్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’. మా ఊరివాడని కుటుంబరావు గారిని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోండి. ఆ పక్షపాతం నాకు ఉన్నమాట నిజమే.

‘చదువు’లో సుందరం అనే పిల్లవాడికి అక్షరాభ్యాసం జరగడంతో కథ మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం, సహాయ నిరాకరణోద్యమం, 1930ల ఆర్థిక మాంద్యం, ఇవన్నీ ఆ పిల్లవాడి పలక, పుస్తకం, పరీక్ష, పెళ్ళి మధ్య నుంచి నడిచిపోతాయి. చివరికి అతను కాశీదాకా వెళ్ళి చదువుకుంటాడు, ఆ చదువు ఏమైందో నవలలోనే చదువుకోవాలి. కుటుంబరావు గారు కూడా కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ఎమ్మెస్సీలో చేరి, మాంద్యం దెబ్బకు పూర్తిచేయకుండానే వెనక్కు వచ్చారు. అంతటి సొంత అనుభవం ఉన్నా ఆయన ఎక్కడా సుందరం మీద జాలిపడరు, అతన్ని పొగడరు కూడా. ఏం జరిగిందో చెప్పి పక్కకు తప్పుకుంటారు. మొదటిసారి, అంటే నా కాలేజీ రోజుల్లో, అదంతా నాకు చప్పగా తోచింది. ఇప్పుడు ఆ చప్పదనమే నాకు నచ్చుతోంది.

‘నైంటీస్’లో చంద్రశేఖర్ ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారు. తన పిల్లలు ముగ్గురినీ మాత్రం ప్రైవేటు బడికి పంపుతాడు. నేను కూడా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నా పిల్లలను కూడా ప్రైవేటు బడికే పంపాను. కనుక ఆ సిరీస్ నాకు కొంచెం గుచ్చుకుంది. స్టాఫ్ రూములో ఈ విషయం మేమెవరమూ మాట్లాడుకునేవాళ్ళం కాదు. నెలాఖరున ఫీజు కట్టడానికి పర్మిషన్ పెట్టి వెళ్ళేటప్పుడు కూడా బ్యాంకు పని అనే చెప్పేవాళ్ళం. శివాజీ ఆ మాస్టారి వేషాన్ని గొంతు పెంచకుండా చేశాడు. ‘తొలిప్రేమ’లో చెల్లెలిగా మనకు తెలిసిన వాసుకి ఇక్కడ ఆ ఇల్లాలు. పిల్లల కంచాల్లో ఉప్మా పడిన ఎపిసోడ్ గురించి ఇప్పటికే అందరూ చెప్పేశారు, నేను ఆ జోలికి పోను.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు నాకు కనిపించినదేమిటంటే, సుందరానికి బడి జీవితంలో ఒక మూల మాత్రమే. అతను నేర్చుకున్నదంతా ఎక్కువభాగం బడి బయట, ఇంట్లో పెద్దల మాటల్లో, స్నేహితుల దగ్గర, తనంతట తాను చదువుకున్న పుస్తకాల్లో నేర్చుకున్నాడు. చంద్రశేఖర్ పిల్లలకు బడి బయట ఏమీ మిగలలేదు. ఇంట్లో ప్రేమ కూడా మార్కుల మీదుగానే ప్రయాణం చేస్తుంది. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే ఆ తండ్రి ముఖంలో ఎంత భయం ఉందో చూడండి. సుందరం కాలానికి చదువు ఉద్యోగానికి దారి కాగా, ఈ ఇంటికి అది పరువుకు కూడా దారి అయింది.

సిరీస్ మీద నాకొక ఫిర్యాదు ఉంది. మనం ఎప్పుడు కళ్ళు తుడుచుకోవాలో సంగీతం ముందే చెప్పేస్తుంది. ఆ ఇంట్లో లేమి కూడా ఎండ పడిన వరండాలా అందంగా కనిపిస్తుంది. ఆ లేమిని అనుభవించినవాళ్ళకు అది అంత అందంగా గుర్తు ఉండదు. కుటుంబరావు గారైతే ఆ ఉప్మాకు ఒక్క వాక్యం కేటాయించి, ఆ రోజు నూకల ధర ఎంతో చెప్పి ముందుకు పోయేవారని నా ఊహ.


మానేటి గట్టు:

నేను కరీంనగర్ వైపు ఒక ఊరికి పంచాయతీ కార్యదర్శిని. కాబట్టి నా జంట ఏదో మీరు ఇప్పటికే ఊహించి ఉంటారు. కొత్తగా వచ్చిన ప్రతి పరిచయస్తుడూ ‘మీరు పంచాయత్ చూశారా’ అని అడగడంతో, విసుగుపుట్టి చాలాకాలం ఆ సిరీస్‌ను చూడలేదు. ఈ ఏడాది చూశాను. దాని తెలుగు రూపమైన ‘సివరపల్లి’ని కూడా చూశాను. శ్రీలాల్ శుక్ల హిందీ నవల ‘రాగ్ దర్బారీ’ని అంతకు కొద్దిరోజుల ముందే చదివి ఉండడం యాదృచ్ఛికమే అయినా, ఆ నవల వల్లనే ‘పంచాయత్’ను నేను అందరిలాగా నవ్వుతూ చూడలేకపోయాను.

‘పంచాయత్’ సంగతి తెలియనివారు తక్కువే. ఉత్తరప్రదేశ్ బలియా జిల్లాలో ఫులేరా అనే ఊరికి అభిషేక్ త్రిపాఠీ అనే పట్నం కుర్రాడు కార్యదర్శిగా వస్తాడు. మొదటి రోజే ఆఫీసు తాళంచెవి పోతుంది. ఆ తాళం సంగతి చూసి నేను గట్టిగానే నవ్వాను, ఎందుకంటే మా మండలంలో తాళంచెవి సర్పంచి ఇంట్లో ఉండి, సర్పంచి పెళ్ళికి ఊరెళితే కార్యదర్శులు చెట్టు కింద కూర్చుని రిజిస్టర్లు రాసిన రోజులు ఉన్నాయి. చక్రాలున్న ఆఫీసు కుర్చీ మీద పెళ్ళికొడుకు మనసు పడే ఎపిసోడ్ కూడా అంతే సహజంగా ఉంది. కార్యదర్శికి ఒక మంచి కుర్చీ వస్తే ఊరంతటికీ అది ఎందుకు కంటగింపు అవుతుందో, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ప్రతి కార్యదర్శికీ తెలుస్తుంది.

ఫులేరాలో కాగితాల మీద ప్రధాన్ (మన సర్పంచి) మంజూదేవి, అంటే నీనా గుప్తా. కుర్చీలో కూర్చుని నిర్ణయాలు చేసేది ఆమె భర్త, ఆ వేషం రఘువీర్ యాదవ్‌ది. మొదటి సీజన్ చివర, గణతంత్ర దినోత్సవం నాడు జెండా ఎగరేయడం కోసం ఆమె జనగణమన నేర్చుకుంటుంది. చాలా అందమైన ఎపిసోడ్, నాకు ఇష్టమైనది కూడా అదే. ఇప్పుడు ‘రాగ్ దర్బారీ’కి రండి. శివపాల్‌గంజ్‌లో కాలేజీ, సహకార సంఘం, గ్రామసభ, అన్నీ వైద్యజీ గుప్పిట్లోనే ఉంటాయి. గ్రామసభకు తన మనిషి ఒకడు కావలసివచ్చి, తన వాకిట్లో భంగు నూరే శనిచర్ అనే మనిషిని ప్రధాన్‌గా నిలబెట్టి గెలిపిస్తాడు. అక్కడా ఇక్కడా జరిగినది ఒకటే, కుర్చీ ఒకరిది, పెత్తనం మరొకరిది. సిరీస్‌లో అది మొగుడూపెళ్ళాల సరసంగా మారింది. నవలలో అది కడుపులో తిప్పే హాస్యంగా మిగిలింది. శుక్ల స్వయంగా ఉత్తరప్రదేశ్ ప్రభుత్వంలో అధికారిగా పనిచేసినవాడు. ఎవరిమీదా ఆయనకు మోజు లేదు, చివరికి పట్నం నుంచి వచ్చి ఇదంతా చూస్తూ ఉండిపోయే రంగనాథ్ అనే చదువుకున్న కుర్రవాడి మీద కూడా లేదు.

మన దగ్గర స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవే. రెండు రాష్ట్రాల్లోనూ అదే చట్టం. గ్రామసభ తీర్మానాల పుస్తకం నేను రాస్తాను, సర్పంచి గారి సంతకం కోసం ఇంటికి పంపుతాను, సంతకమై వస్తుంది. మండల సమావేశానికి వెళితే ముందు వరుసలో భర్తలు ఉంటారు. ఫులేరా చూసి నవ్వుకున్న నేను, శనిచర్‌ను తలచుకుని, మా ఊరి తీర్మానాల పుస్తకాన్ని కాసేపు వేరే కళ్ళతో చూడవలసి వచ్చింది. మా సర్పంచి గారు ఈ మధ్యనే తానే సమావేశానికి వస్తానని పట్టుబట్టారు, అది సిరీస్ చూసి కాదు గానీ, భర్తతో వేరే విషయంలో తగాదా వచ్చి.

ఆ నవలలో లంగడ్ అనే మనిషి మరీ వెంటాడతాడు. తహసీలు ఆఫీసులో ఒక నకలు కావాలి. నకళ్ళ గుమస్తా అయిదు రూపాయలు అడిగాడు, లంగడ్ రెండు ఇస్తానన్నాడు, తెగలేదు. దాంతో గుమస్తా కాయిదా (నిబంధనల) ప్రకారమే నకలిస్తానన్నాడు, లంగడ్ కాయిదా ప్రకారమే తీసుకుంటానన్నాడు. అక్కడి నుంచి దరఖాస్తులో ఏదో ఒక లోపం తేలుతూనే ఉంటుంది, ఆ మనిషి తిరుగుతూనే ఉంటాడు. ‘పంచాయత్’లో ఇలాంటివాడు ఎదురైతే ఎపిసోడ్ ముగిసేలోగా అభిషేక్ అతని పని ఎలాగోలా చేసిపెడతాడు. ఆ తేడాయే నాకు పెద్దగా కనిపించింది. సిరీస్‌లోని మంచితనం మీద నాకు కోపం లేదు, రోజంతా దరఖాస్తులు చూసి వచ్చినవాడికి రాత్రిపూట అది హాయిగానే ఉంటుంది.

‘సివరపల్లి’ గురించి ఒక మాట. 2025 జనవరిలో వచ్చింది. రాగ్ మయూర్ కార్యదర్శిగా బాగా చేశాడు, భాష చెవికి ఇంపుగా, మన ఊళ్ళలో విన్నట్టే ఉంది. కానీ మూలంలోని సంఘటనల వెంటే చాలావరకు నడిచింది. తెలంగాణ పంచాయతీ అనగానే నర్సరీ, చెత్త ట్రాక్టరు, వైకుంఠధామం (శ్మశానవాటిక), పొద్దున్నే యాప్‌లో ఎక్కించవలసిన ఫోటో, ఇవి లేకుండా మాకు రోజు గడవదు. వీటిలోంచి పుట్టే హాస్యం ఎంత ఉందో మమ్మల్ని అడిగితే రెండు సీజన్లకు సరిపడా చెప్పేవాళ్ళం.


డాలస్ తెలుగు:

అందరి మాటలూ ఆసక్తిగా చదివాను. చిన్న అభ్యంతరం చెబుతాను, ఏమీ అనుకోకండి. మీరంతా పుస్తకాన్నీ సీరియల్‌నూ రెండు సమానమైన పలకలుగా పక్కపక్కన పెడుతున్నారు. నా అనుభవంలో అవి సమానంగా నిలవవు. ఏది ముందు వస్తే అది రెండోదాని మీద పెత్తనం చేస్తుంది. ముఖ్యంగా బొమ్మ ముందు వస్తే అక్షరం ఇక లేవలేదు.

మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఇక్కడే పుట్టి పెరిగింది. ‘మాల్గుడి డేస్’ అంతర్జాలంలో దొరికితే శనివారాలు ఇద్దరం కూర్చుని చూశాం. శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబెలో తీసినది, ఎల్. వైద్యనాథన్ సంగీతం, మొదట్లో వచ్చే ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు. ఇవన్నీ నా చిన్నప్పటి జ్ఞాపకాలు. అమ్మాయికి బాగా నచ్చింది కదా అని, తరువాత అందులోని స్వామి కథకు మూలమైన ఆర్.కె. నారాయణ్ 1935 నాటి ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ను చేతికిచ్చాను. సగం చదివి, ‘నాన్నా, ఈ స్వామి మంచివాడు కాదు’ అంది.

ఆ పిల్ల అన్నమాట తప్పేమీ కాదు. పుస్తకంలోని స్వామి అబద్ధాలాడతాడు, పిరికివాడు, బలమున్నవాడి పక్షాన చేరతాడు, కోపం వస్తే వచ్చినంతా చూపిస్తాడు. తెర మీద స్వామి వేషం వేసిన మాస్టర్ మంజునాథ్ ముఖం ఎంత ముద్దుగా ఉంటుందంటే, ఈ దుర్గుణాలన్నీ ఆ ముఖం మీద అల్లరిగా మారిపోతాయి. నేను పుస్తకం ముందు చదివినవాణ్ణి కాబట్టి నాకు రెండూ కనిపిస్తాయి. అమ్మాయికి ముఖం మాత్రమే కనిపిస్తుంది, ఆ ముఖానికి సరిపోని వాక్యాలను పుస్తకం చేసిన తప్పులుగా లెక్కవేస్తుంది. కాబట్టి చదువరి గారు పక్కన పెడదామన్న ఆ పాత తగాదాను పూర్తిగా పక్కన పెట్టలేమని నా వాదన.

మీ అడవి సంగతికి నా దగ్గర కూడా ఒక అడవి ఉంది. బోర్డు స్కూలు నుంచి పారిపోయిన స్వామి దారితప్పి రాత్రివేళ అడవిలో చిక్కుకుంటాడు. ఆ చీకటిలో నిజంగా ఏ జంతువూ అతని మీదికి రాదు. వచ్చేవన్నీ అతని భయంలోంచే వస్తాయి. ఒక బండివాడు చూసి అటవీ అధికారి దగ్గరకు చేరుస్తాడు. బతికి బయటపడ్డాడు గానీ స్నేహితులతో ఆడవలసిన క్రికెట్ మ్యాచి పోయింది, రాజం స్నేహం కూడా దానితో పోయింది. కేశవరెడ్డి గారి ముసలివాడి చుట్టూ నిజమైన నక్కలున్నాయి, స్వామి చుట్టూ ఏమీ లేదు. ఆ ‘ఏమీ లేకపోవడాన్ని’ ఏ కెమెరా చూపించగలదు? చూపిస్తే చెట్లు కనబడతాయి, అంతే. నారాయణ్‌కు రెండు పేజీలు చాలాయి.

ఇక నైంటీస్ గురించి టీచరమ్మ గారు చెప్పిన ఎండ పడిన వరండాను నేను ఒప్పుకోలేకపోతున్నాను. దూరాన ఉన్నవాళ్ళకు ఆ ఎండే కదా కావలసింది. మేము డబ్బు కట్టి చూసేది దానికోసమే.


చిత్తూరు చదువరి:

ఇన్ని మంచి జవాబులు వచ్చినందుకు సంతోషం. వరుసగా కాకుండా, నాకు తోచిన చోట నుంచి మొదలుపెడతాను.

డాలస్ వారూ, మీ అమ్మాయి మాట నాకు ఎంతో నచ్చింది. ‘ఈ స్వామి మంచివాడు కాదు’ అన్న పాఠకురాలికి నారాయణ్ ఎక్కడున్నా నమస్కారం పెట్టి ఉంటాడు. ఆ పిల్ల పుస్తకాన్ని ఆపేయకుండా పూర్తిచేస్తే బాగుంటుందని నా కోరిక. చివరలో రైలు దగ్గర స్వామి తన దగ్గరున్న అండర్సన్ కథల పుస్తకాన్ని రాజంకు ఇస్తాడు చూడండి, రాజం దాన్ని ఏ మనసుతో పుచ్చుకున్నాడో ఆ పిల్లను అడగండి. నాకైతే ఇప్పటికీ తేలలేదు. ఏది ముందు వస్తే అది పెత్తనం చేస్తుందన్న మీ మాటను మాత్రం సగమే ఒప్పుకుంటాను. ‘తమస్’ విషయంలో నేను సీరియల్ చూశాకే నవల తెచ్చుకుని చదివాను. ఓంపురి ముఖం ఆ పేజీల మీద కూర్చున్నమాట నిజమే. కానీ సీరియల్‌లో నత్థూకూ అతని భార్యకూ దక్కినంత చోటు నవలలో దక్కదు. సాహ్నీ ఊరంతటినీ, గల్లీ గల్లీనీ తిప్పుతాడు, మధ్యలో నత్థూ వెనకబడిపోతాడు. అతని కోసం పేజీలు తిప్పుతూ వెతుక్కున్నాను. అలా వెతుక్కోవడం వల్లనే, ఆ ఊళ్ళో ఇంతమంది మధ్య ఒక నత్థూ మాయమైతే అడిగేవాడు లేడన్నది నాకు తగిలింది. ముందుగా బొమ్మ చూసి ఉండకపోతే ఆ లోటు నాకు లోటుగా తెలిసేది కాదు. అన్నట్టు, ఆ సీరియల్‌లో ఊరు విడిచి పారిపోయే ముసలి సిక్కు హర్నామ్ సింగ్ వేషం వేసినది భీష్మ సాహ్నీయే. తాను రాసిన మనిషిగా తానే తలుపులు తట్టుకుంటూ తిరగడం, అదీ రావల్పిండిలో పుట్టి పెరిగిన మనిషి, మామూలు విషయం కాదు.

అడవిలోని శూన్యాన్ని కెమెరా చూపించలేదన్న మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒక్కటి తప్ప. శబ్దం ఉంది కదా. ‘తమస్’ మొదటి దృశ్యంలో నన్ను పట్టుకున్నది చూపు కంటే ఎక్కువగా చెవి. పంది ఊపిరి, మనిషి ఊపిరి, రెండూ కలిసిపోయే చోటు. శంకర్ నాగ్ ఆ రాత్రిని ఎలా వినిపించాడో మళ్ళీ ఒకసారి విని చెప్పండి.

టీచరమ్మ గారూ, బ్యాంకు పని అని చెప్పి ఫీజు కట్టడానికి వెళ్ళిన మాట సిరీస్‌లో లేదు, ఉండవలసింది. ‘చదువు’ నా అలమారలో ఉంది, ఇంతవరకు మొదటి యాభై పేజీలు దాటలేదు. మీరు చెప్పిన చప్పదనం భయానికే ఆగిపోయాను. ఈసారి దాన్నే వెతుక్కుంటూ చదువుతాను.

మానేటి గట్టు గారూ, మీ జవాబు అన్నిటిలోకి నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది. ‘పంచాయత్’ను నేను మొదటి మూడు సీజన్లూ ఏ అనుమానమూ లేకుండా ఆనందించినవాణ్ణి. లంగడ్‌ను పక్కన నిలబెట్టేసరికి అభిషేక్ మంచితనం నాకు కూడా కొంచెం పలచబడింది. కానీ ఒక ప్రశ్న. శుక్ల ఎవరినీ ప్రేమించకపోవడం ఆయన బలమన్నట్టు చెప్పారు. మూడువందల పైచిలుకు పేజీలు ఒక్క మనిషి మీదైనా మమకారం లేకుండా చదవడం మీకు కష్టం కాలేదా? కేశవరెడ్డి గారు ముసలివాణ్ణి ఒక్క మాటైనా పొగడకుండానే ప్రేమించగలిగారు. కటువుగా ఉండడానికీ ప్రేమలేకుండా ఉండడానికీ మధ్య చాలా దూరం ఉందని నాకు అనిపిస్తుంది. మీరు నవలను పూర్తిగా చదివినవారు కాబట్టి ఈ విషయంలో మీ మాటే వినాలి.


మానేటి గట్టు:

కష్టమైంది, దాచుకోవడం ఎందుకు. మధ్యలో రెండుసార్లు పక్కన పెట్టాను. కానీ శుక్ల లంగడ్‌ను ప్రేమించలేదని నేను అనను. అతను ఎదురైన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వుతారు, రచయిత ఆ నవ్వును ఆపడు, మనతో కూడా నవ్విస్తాడు. నవ్వాక మనకు మనమీద కలిగే చిరాకు ఉంది చూడండి, ఆయన ప్రేమ అంతా అందులో దాచాడేమో. మీ ముసలివాడిలాగా లంగడ్‌కు ఎదురుగా నక్కలు లేవు, కిటికీ వెనుక ఒక గుమస్తా ఉన్నాడు, అతను కూడా చెడ్డవాడేమీ కాదు, అయిదు రూపాయల దగ్గర మొండికేసిన మామూలు ఉద్యోగి. ఆ కిటికీకి ఇవతల కూర్చుని జీతం తీసుకునే నేను ఈ విషయంలో ఇంతకంటే తీర్పు చెప్పలేను.

టీచరమ్మ గారికి ఒక చిన్న వినతి. ‘చదువు’ తరువాత చదవదగిన కుటుంబరావు గారి కథలు కొన్ని చెప్పండి, చిన్నవైతే మేలు. నాకు పుస్తకానికి దొరికేది బస్సులో పోయే గంటా, వచ్చే గంటా మాత్రమే, అందులో కూడా యాప్‌లో ఫోటో ఎక్కలేదని ఎంపీడీవో ఆఫీసు నుంచి ఫోన్ వస్తూనే ఉంటుంది.